తమ్ముణ్ణి ప్రొబేషన్ మీద వదిలారు, ఇది బెయిలా పెరోలా? బెంగళూరు పోవచ్చా?

గోదారి_గట్టు:
మా తమ్ముడి మీద 2021 సంక్రాంతికి కోడిపందాల బరి దగ్గర జరిగిన కొట్లాట కేసు ఉంది, ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 324, అంటే ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడం. అవతలి కుర్రాడికి తలకి కుట్లు పడ్డాయి. ఇన్నేళ్లూ వాయిదాలకి తిరుగుతూనే ఉన్నాం, మొన్నామధ్య మేజిస్ట్రేట్ కోర్టులో నేరం రుజువైంది అనేశారు, అమ్మ కోర్టు వరండాలోనే కూలబడిపోయింది, తీరా చూస్తే జైలుకి పంపకుండా రెండేళ్లకి బాండ్ రాయించుకుని, దెబ్బలు తిన్నతనికి 15 వేలు కట్టమని, జిల్లా ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణలో ఉండమని చెప్పి పంపించేశారు. ఊళ్లో ఒకడు పెరోల్ మీద వచ్చాడంటాడు, ఇంకొకడు బెయిల్ అంటాడు, మా మేనమామ అయితే కేసు కొట్టేశారని చెప్పి వీధంతా కాజాలు పంచాడు. లాయరు గారు ఫీజు అయిపోయాక ఫోన్ ఎత్తడం మానేశారు. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, త్వరలో జాయిన్ అవ్వాలి. పోవచ్చా? ఈ ఆఫీసర్ని ఎన్నాళ్లకోసారి కలవాలి? వాడు ఇప్పుడు దోషా కాదా, అసలు అదే అర్థం కావట్లేదు.

బెజవాడ_బుల్లోడు:
కాజాలు తాపేశ్వరంవేనా? మిగిలితే ఇటు పంపండి, కేసు సంగతి తర్వాత చూద్దాం.

నల్లకోటు:
మీ మేనమామగారికి చెప్పండి, కేసు కొట్టెయ్యలేదు. నేరం రుజువైంది, అంటే మీవాడు దోషే. శిక్ష మాత్రం వెయ్యకుండా ఆపారు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలో సెక్షన్ 4 ఇది. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరం కాకపోతే, మనిషి నడవడిక, నేరం ఏ పరిస్థితిలో జరిగింది అన్నీ చూసి జడ్జి ఇలా వదలొచ్చు. బాండ్‌లో ఏముంటుందంటే, పిలిచినప్పుడు వచ్చి శిక్ష అందుకుంటాను, ఈలోపు గొడవల జోలికి పోకుండా మంచిగా ఉంటాను అని. అది మూడేళ్లు దాటకూడదు, మీకు రెండేళ్లు రాశారు. ఆఫీసర్ పర్యవేక్షణ పెడితే అది ఏడాదికి తగ్గకూడదు.
బెయిల్ అంటే కేసు తేలేదాకా బయట ఉండడం. పైకోర్టులో అప్పీలు వేసి కింది కోర్టు శిక్షని సస్పెండ్ చేయించుకుంటారే అది ఇంకొకటి, పాత సీఆర్పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చట్టం) 389, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 430. పెరోల్ అంటే జైల్లో శిక్ష అనుభవిస్తున్న ఖైదీని కొన్నాళ్లు ఇంటికి పంపడం. మీవాడు జైలు గుమ్మం తొక్కలేదు కాబట్టి పెరోల్ అన్న మాటే రాదు.
324కి మూడేళ్ల దాకా పడొచ్చు కాబట్టి సెక్షన్ 3 కింద మందలించి వదిలెయ్యడం కుదరదు, అది రెండేళ్ల లోపు శిక్షలకీ, చిన్న దొంగతనం, 420 లాంటి కొన్నిటికే. అందుకే మీకు 4 వాడారు.

కడప_కారం:
నల్లకోటు సార్ చెప్పేది పూర్తిగా ఒప్పుకోను. శిక్షే లేనప్పుడు దోషి అనడం ఏంది? అదే చట్టంలో సెక్షన్ 12 ఉందే, ఇలా వదిలినోళ్లకి దోషిత్వం వల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదని. మావాడొకడు అట్లే బయటపడి ఇప్పుడు కాంట్రాక్టులు చేసుకుంటా ఉండాడు, ఏమీ కాలే. ఇంకోటి, గోదారి వాళ్ల తమ్ముడికి గొడవప్పుడు 19 ఏళ్లుంటాయేమో (లెక్క నాదే, తప్పయితే చెప్పండి), 21 లోపు వాళ్లని జైలుకి పంపకూడదని సెక్షన్ 6 ఉంది, జడ్జి దయేం కాదు, హక్కు.

నల్లకోటు:
కడపన్నా, రెండింటికీ విడివిడిగా చెబుతా.
వయసు గొడవ జరిగిన రోజుది కాదు, కింది కోర్టు దోషి అని తేల్చి శిక్ష సంగతి చూసే రోజుది. 1963లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇన్ని వాయిదాలయ్యాక అతను 21 దాటేసి ఉంటాడు. కాబట్టి ఇక్కడ సెక్షన్ 6 లేదు, జడ్జిగారి విచక్షణే. ఆ 6 కూడా జైలుకి పంపకూడదని గుడ్డిగా అనదు, ముందు ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకో, పంపాల్సివస్తే కారణాలు రాయి అంటుంది.
సెక్షన్ 12 సంగతి: అనర్హత అంటే ఏదో చట్టం, ఫలానా నేరంలో దోషి అయితే నువ్వు పనికిరావు అని గీత గీస్తుంది చూడండి, ఆ గీత తుడిచిపెడుతుంది. దోషి అన్న తీర్పుని తుడవదు. గవర్నమెంటు ఉద్యోగులు ఇదే సెక్షన్ పట్టుకుని డిపార్ట్‌మెంటు చర్య ఆపమని వెళ్లారు, 1975లో చెల్లప్పన్ కేసు, 1990లో బక్షీరామ్ కేసు, రెండిట్లోనూ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మీవాడు కాంట్రాక్టర్, ఆయన్ని అడిగేవాడెవడు.

కడప_కారం:
అడిగేవాడు లేకపోవడమే కదన్నా రక్షణ అంటే 😄 సరే 12 మీద నా మాట నాది. చట్టం రాసినోడు అనర్హత ఉండదన్నాక ఆఫీసులో కూర్చున్నోడు "సూటబుల్ కాదు" అని ఇంకో దారిలో అదే పని చేస్తే ఇంక సెక్షన్ ఎందుకు?

పాలమూరు_పిల్ల:
కడప అన్న అడిగింది మంచి ప్రశ్నే కదా, దానికి జవాబు చెప్పకుండ కేసుల పేర్లు చెప్తరేంది సార్.

నల్లకోటు:
జవాబు నాకూ నచ్చదమ్మా, కానీ కోర్టు మాట అదే. నేను చేసేది ఫీజు తీసుకుని చెప్పడం, చట్టం రాయడం కాదు.

ప్లీడరు_గుమాస్తా:
వాదన తర్వాత, పని ముందు. గోదారి గారూ, తీర్పు సర్టిఫైడ్ కాపీ తీశారా? తియ్యకపోతే రేపు పొద్దున్నే కాపీ అప్లికేషన్ పడెయ్యండి. తీర్పుతో పాటు పర్యవేక్షణ ఉత్తర్వు అని వేరే కాగితం ఉంటుంది, షరతులన్నీ అందులోనే. మీ ప్రశ్నలన్నిటికీ సమాధానం ఆ రెండో కాగితంలో ఉంది, ఇక్కడ మా దగ్గర లేదు. ఎన్నాళ్లకోసారి కలవాలి, ఎక్కడ ఉండాలి, తాగకూడదా, ఫలానా వాళ్లతో తిరగకూడదా, అన్నీ.
ఆఫీసర్ దగ్గరికి వెళ్లడం గురించి, నేను మా సారు క్లయింట్లని తీసుకెళ్తుంటా కాబట్టి చెబుతున్నా. పెద్ద హడావుడి ఏం ఉండదు. మా జిల్లాలో ఆయనే పిల్లల కేసులు కూడా చూస్తారు, కాబట్టి సగం రోజులు జువైనల్ బోర్డు దగ్గరే ఉంటారు, ఆఫీసుకెళ్తే తాళం. ఫోన్ చేసి వెళ్లండి. వెళ్లాక పొడుగు రిజిస్టరు ఒకటి తీసి సంతకం పెట్టిస్తారు, పని చేస్తున్నావా, ఎంత వస్తోంది, ఇంట్లో ఎవరెవరు, మళ్లీ అవతలి వాళ్లతో మాటామాటా వచ్చిందా అని అడుగుతారు. ఒకోసారి చెప్పకుండా ఇంటికొస్తారు, పక్కింట్లో కూడా కనుక్కుంటారు. సంతకం పెట్టిన ప్రతిసారీ తేదీ ఫోటో తీసుకోండి. ఆ రిజిస్టరు పోతే మీ సంతకాలూ పోయినట్టే, నేను చూశా అలాంటి కేసు.

గోదారి_గట్టు:
కాపీ తీశాం, ఇంతకుముందు చదివి చూడలేదు. గుమాస్తా గారు చెప్పాక ఇప్పుడు కూర్చుని చదివా. నెలకోసారి ఆఫీసర్ ముందు హాజరు. మద్యం ముట్టకూడదు. అవతలి వాళ్ల ఇంటి వైపు వెళ్లకూడదు (అది మా వీధి చివరే, చుట్టూ తిరిగి చెరువు గట్టు మీదుగా పోవాలి ఇక). అడ్రసు మారితే ముందుగా ఆఫీసర్ అనుమతి. షూరిటీ కింద సంతకం మా మేనమామది.

బెజవాడ_బుల్లోడు:
అంటే కాజాలు పంచినాయనే షూరిటీనా 😂 కుర్రాడు తప్పితే బాండ్ డబ్బులు ఆయన జేబులోంచే. ఇప్పుడు చెప్పండి ఆయనకి, కేసు కొట్టేశారో లేదో.

కోనసీమ_కొబ్బరి:
మద్యం ముట్టకూడదు, అదీ రెండేళ్లు, అదీ కొబ్బరితోటల మధ్య. జైలే నయమేమో.

ప్లీడరు_గుమాస్తా:
కొబ్బరి గారూ నవ్వులాట కాదు, మా దగ్గర ఒకతను సరిగ్గా దాని మీదే మళ్లీ కోర్టుకొచ్చాడు, పెళ్లిలో తాగి మైకు లాక్కున్నాడు, ఎవరో వీడియో తీసి పంపారు. షరతు తప్పితే సెక్షన్ 9. వారెంటు గానీ సమన్లు గానీ వస్తాయి. తప్పినట్టు తేలితే మొదటి నేరానికి అప్పుడు వెయ్యాల్సిన శిక్ష ఇప్పుడు వేస్తారు. మొదటిసారి తప్పయితే బాండ్ అలాగే ఉంచి జరిమానాతో సరిపెట్టే వీలుంది, ఆ జరిమానా ఎంతో తెలుసా, 50 రూపాయలు మించకూడదు. 1958 నుంచి అదే రేటు.

బెజవాడ_బుల్లోడు:
పార్కింగ్ టికెట్ కన్నా చవక.

నల్లకోటు:
50 చూసి మురిసిపోకండి. కట్టకపోతే అసలు శిక్ష. రెండోసారి తప్పితే 50 అన్న దారే ఉండదు.

రిటైర్డ్_వార్డరు:
పెరోల్ మాట వచ్చింది కాబట్టి. సెంట్రల్ జైల్లో పనిచేసి రిటైరయ్యాను. బయట జనానికి పెరోల్ కీ ఫర్లో కీ తేడా తెలియదు, లోపల ఉన్నవాడికి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పెరోల్ ఏదో ఒక కారణం మీద, తండ్రి పోయాడు, కూతురి పెళ్లి, ఇల్లు కూలింది, పొలం పని. ఫర్లో కి కారణం అక్కర్లేదు, ఇన్నేళ్లు లోపల ఉన్నావు, గొడవ చెయ్యలేదు, ఇంటి ముఖం చూసి రా అని. మామూలుగా ఫర్లో రోజులు శిక్షలో కలుస్తాయి, పెరోల్ రోజులు కలవవు, వెనక్కొచ్చాక అన్నాళ్లు ఎక్కువ ఉండాలి. రూల్సు రాష్ట్రానికో రకం, జైళ్లు రాష్ట్రాల పరిధి కాబట్టి. హక్కు అని మాత్రం రెండూ కావు, ఫర్లో హక్కు కాదని సుప్రీంకోర్టు 2021లో గుజరాత్ కేసులో కూడా చెప్పింది.
దరఖాస్తు పెట్టాక ఊరి స్టేషన్ నుంచి రిపోర్టు రావాలి. "వస్తే గ్రామంలో శాంతిభద్రతల సమస్య" అని ఒక్క లైను, ఎన్ని దరఖాస్తులు ఆ లైను మీద పోయాయో. ఒక ముసలాయన తల్లి దినానికి అడిగాడు, అనుమతి వచ్చేసరికి మాసికం కూడా అయిపోయింది. కాగితం చేతిలో పెడితే చదివి మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని మగ్గం దగ్గరికి వెళ్లిపోయాడు, ఏమీ అనలేదు.

పాలమూరు_పిల్ల:
వార్డరు తాతా, మా పెదనాయనకు యావజ్జీవం పడ్డది, 14 ఏండ్లయితే ఇడుస్తరని ఇంట్ల అందరు లెక్క పెట్టుకుంటున్నరు. నిజమేనా? ఇడిస్తే గూడ ఇట్లనే ఆఫీసర్ కాడ సంతకాలు ఉంటయా?

రిటైర్డ్_వార్డరు:
అమ్మా, ఆ లెక్క తప్పు, అయినా ఇంట్లో వాళ్లకి మెల్లగా చెప్పు. యావజ్జీవం అంటే చచ్చేదాకానే. హత్య లాంటి కేసుల్లో 14 ఏళ్లు పూర్తిగా లోపల ఉండకుండా ప్రభుత్వం వదలకూడదని 1978లో పాత సీఆర్పీసీలో పెట్టిన సెక్షన్ 433ఎ, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 475, దాన్ని జనం తిప్పి 14 కాగానే వదులుతారని చేసుకున్నారు. 14 అయ్యాక ప్రభుత్వం రెమిషన్, అంటే శిక్ష తగ్గింపు, ఇస్తేనే బయటికి. ఆగస్టు 15కో గాంధీ జయంతికో జీవోలు వస్తాయి, ఏ నేరాల వాళ్లకి వర్తించదో పెద్ద జాబితా ఉంటుంది అందులో, అది చదవాలి ముందు. వదిలినా షరతులుంటాయి. నేను పంపిన వాళ్లలో చాలామందికి మూడు నెలలకోసారి హాజరు వేయించుకోవాలని ఉండేది. షరతు తప్పితే ప్రభుత్వం రెమిషన్ రద్దు చేస్తుంది, అప్పుడు పోలీసు వారెంటు లేకుండానే పట్టుకుని మిగిలిన శిక్షకి లోపల పెట్టొచ్చు.
నడవడిక బాగుంటే ముందు ఓపెన్ జైలుకి మారుస్తారేమో కనుక్కోండి. చర్లపల్లిలో వ్యవసాయ క్షేత్రం ఉంది, మా వైపు అనంతపురంలో ఉంది. గోడలుండవు, పొలం పని, పశువులు. హైదరాబాద్ చంచల్‌గూడ దగ్గర జైళ్ల శాఖ పెట్రోలు బంకు మీరు చూసే ఉంటారు, పైపు పట్టుకున్నవాళ్లు ఖైదీలే.

పాలమూరు_పిల్ల:
మంచిది తాతా. ఇంట్ల చెప్పుడు మాత్రం నాతోని కాదు.

మలక్‌పేట్_మామ:
మా దోస్తుగాడిది చెప్తా వినండి. తాగి రోడ్డు మీద లొల్లి చేసిండు, కోర్టుల జడ్జి సాబ్ సమాజసేవ అన్నడు. ట్రాఫిక్ సిగ్నల్ కాడ ప్లకార్డు పట్టుకోని నిలబడ్డడు, "మద్యం తాగి బండి నడపకండి" అని రాసున్నది, ఎండ మండుతుంది, అంతల వాళ్ల ఆఫీస్ మేనేజర్ కారు గా సిగ్నల్ కాడనే ఆగింది. ఇది గూడ ప్రొబేషనేనా?

నల్లకోటు:
కాదు మామా, అది శిక్షే. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు బీఎన్ఎస్ వచ్చాక శిక్షల జాబితాలో ఆరోది, సమాజసేవ. అన్నిటికీ లేదు, ఆరంటే ఆరు నేరాలకే. తాగి బహిరంగంగా అల్లరి చేస్తే, పరువునష్టం, 5 వేల లోపు మొదటి దొంగతనం సొమ్ము తిరిగిచ్చేస్తే, అధికారిని లొంగదీసుకోడానికి ఆత్మహత్యాయత్నం, కోర్టు ప్రకటన ఇచ్చినా హాజరుకాకపోవడం, గవర్నమెంటు ఉద్యోగి దొంగచాటుగా వ్యాపారం. జీతం ఇవ్వరు. ఎన్ని గంటలు, ఎవరు చూసుకోవాలి అన్నది చట్టంలో రాయలేదు, జడ్జి ఇష్టం. అందుకే ఒకచోట ప్లకార్డు, ఇంకోచోట ఆసుపత్రి ఊడవడం.

లండన్_లక్ష్మి:
ఇక్కడ ఇంగ్లండులో అది గంటల్లెక్క. కమ్యూనిటీ ఆర్డర్‌లో జీతం లేని పని 40 నుంచి 300 గంటల దాకా. శనివారం పొద్దున్న ఆరెంజ్ జాకెట్లేసుకుని కాలవ గట్టు శుభ్రం చేస్తుంటారు, వెనక ఎవరి పని చేస్తున్నారో రాసి ఉంటుంది. జైలు నుంచి ముందుగా వదిలినవాళ్లది వేరే, వాళ్లు లైసెన్స్ మీద ఉంటారు, షరతు తప్పితే మళ్లీ లోపలికే.

డల్లాస్_సుబ్బు:
మా టెక్సాస్‌లో అయితే తాగి కారు నడిపితే అంతే సంగతులు. మన కుర్రాడొకడు, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు, మొదటిసారి దొరికాడు. లాయరు డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇప్పించాడు, అంటే తప్పు ఒప్పుకో, కోర్టు దోషి అని తీర్పు రాయదు, పర్యవేక్షణ సరిగ్గా పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు. మనవాడు హమ్మయ్య అనుకున్నాడు. నెలనెలా ఆఫీసర్, నెలనెలా ఫీజు, పర్యవేక్షణకి కూడా డబ్బు మనమే కట్టాలి ఇక్కడ, కార్లో ఊదితేగానీ స్టార్టవ్వని డబ్బా, రాష్ట్రం దాటాలంటే పర్మిషన్. ఇవన్నీ భరించాడు. అసలు దెబ్బ ఇమిగ్రేషన్ దగ్గర. తప్పు ఒప్పుకుని కోర్టు ఏదో ఒక ఆంక్ష పెడితే చాలు, ఇమిగ్రేషన్ చట్టానికి అది కన్విక్షనే, రాష్ట్రం కేసు కొట్టేసినా సరే. ఇక్కడున్న మన పిల్లలు తప్పు ఒప్పుకునే కాగితం (ప్లీ) మీద సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగకపోతే ఇంతే.
ఇంకోటి, ఫెడరల్ కేసుల్లో పెరోల్ అన్నదే తీసేశారు, 1987 నవంబరు తర్వాతి నేరాలకి. దాని బదులు సూపర్‌వైజ్డ్ రిలీజ్, జైలు మొత్తం అయ్యాక బయట కొన్నేళ్లు పర్యవేక్షణ.

కడప_కారం:
చూశారా నల్లకోటు సార్, అమెరికాలో కూడా తీర్పు లేకపోయినా కన్విక్షనే అంట. మీ గుంపు పెద్దదే.

మౌనంగా_చదివేవాణ్ణి:
ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఇవాళ రాస్తున్నా. మా నాన్న సైకిల్ మీద వస్తుంటే లారీ గుద్దింది. 304ఎ కేసు, నిర్లక్ష్యంతో ప్రాణం తీసినందుకు పెట్టేది. డ్రైవర్ తరఫున ప్రొబేషన్ అడిగారు, ఇద్దరు ఆడపిల్లలు, మొదటి తప్పు అని. ఇక్కడ అందరూ షరతులు, సంతకాలు, బెంగళూరు గురించి మాట్లాడుకుంటున్నారు, దెబ్బలు తిన్న అబ్బాయి తలకి కుట్లు పడ్డాయని మొదటి పోస్టులో ఒక ముక్క తప్ప ఇంకెవరూ అడగలేదు. అతను ఇప్పుడెలా ఉన్నాడు?

గోదారి_గట్టు:
బాగానే ఉన్నాడండి. ఎడమ చెవి సరిగ్గా వినపడదు అంటాడు, నిజమో కాదో మాకు తెలియదు, డాక్టర్ కాగితంలో అయితే లేదు. 15 వేలు కోర్టులో కట్టేశాం. మాటల్లేవు రెండిళ్లకీ.

నల్లకోటు:
మౌనం గారూ, మీ నాన్నగారి విషయంలో ప్రొబేషన్ ఇచ్చారా? ఎందుకడుగుతున్నానంటే 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీసినవాళ్లకి ఈ చట్టం కింద ఉదారంగా వదలడం తగదు అని. నష్టపరిహారం సెక్షన్ 5 కింద ఉంది, గోదారి గారి తమ్ముడికి వేసింది అదే, కానీ అది మోటారు ట్రిబ్యునల్ పరిహారం లాంటిది కాదు, చిన్నమొత్తమే ఉంటుంది.

మౌనంగా_చదివేవాణ్ణి:
ఇవ్వలేదు. జైలు పడింది, అప్పీల్లో ఉంది, అతను బయటే ఉన్నాడు. మీరు పైన చెప్పారే శిక్ష సస్పెండ్ అని, అది. లారీ నడుపుతూనే ఉన్నాడు.

రిటైర్డ్_వార్డరు:
ఎవరి బాధ వారిది బాబూ. ఆ కుర్రాణ్ణి లోపలికి పంపి ఉంటే చెవి బాగవదు గానీ, బయటికొచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు కొత్త స్నేహితులతో వస్తాడు, అది నేను గ్యారంటీ.

మౌనంగా_చదివేవాణ్ణి:
అది అతని సమస్య సార్, నాది కాదు.

నర్సీపట్నం_నాని:
గంజాయి కేసులకి ఈ ప్రొబేషన్ వర్తిస్తుందా? మా ఏజెన్సీ వైపు కాలేజీ పిల్లలు ఊరికే ఇరుక్కుంటున్నారు.

నల్లకోటు:
ఎన్‌డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టం, సెక్షన్ 33 అడ్డం. 18 లోపు వయసు, లేదా సెక్షన్ 26, 27 కేసు అయితే తప్ప ప్రొబేషన్ లేదు. 27 అంటే తాగడం మాత్రమే, మొయ్యడం కాదు. బానిస అయిపోయి చిన్న మొత్తంతో దొరికితే సెక్షన్ 39 కింద జైలు బదులు వైద్యానికి పంపే వీలుంది, బాండ్ మీదే. కిలో గంజాయి దాకా చిన్న మొత్తం. బ్యాగ్ మోసిపెడితే 5 వేలు ఇస్తాం అన్నవాడి మాట విన్నవాళ్లకి ఇవేవీ ఉండవు.

గోదారి_గట్టు:
ఆఫీసర్ని కలిశాం (నిజంగానే మొదటిసారి తాళం). మంచాయనే. చెప్పకుండా బెంగళూరు పోతే నేను రిపోర్టు రాయక తప్పదు, కాబట్టి ముందు కోర్టులో పిటిషన్ వెయ్యండి, నేను అభ్యంతరం లేదని రాస్తాను అన్నారు. ఫోన్లో లొకేషన్ పంపిస్తే చాలదా సార్ అని మావాడు అడిగితే నవ్వారు.

నల్లకోటు:
లొకేషన్ సంగతి తలుచుకుంటే, 2024లో సుప్రీంకోర్టు బెయిల్ షరతుగా గూగుల్ పిన్ పంపమనడం కుదరదంది, కానీ అది బెయిల్ విషయం, దీనికి తగిలించకండి. మీది సెక్షన్ 8, షరతులు మార్చడం. ఆఫీసర్ దరఖాస్తు మీదే కోర్టు మారుస్తుంది, మార్చేముందు మీవాణ్ణీ షూరిటీనీ ఇద్దరినీ వినాలి, మేనమామగారిని తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకోమనండి. ఆఫీసర్ని కూడా మార్చొచ్చు, బెంగళూరులో ఉన్న ఇంకో ప్రొబేషన్ ఆఫీసర్‌కి అప్పగించమని సెక్షన్ 13 కింద అడగండి, లేదంటే నెలనెలా రైలు ఛార్జీలే జీతం తినేస్తాయి. కొన్నాళ్లు బాగా నడుచుకుంటే ముందుగానే బాండ్ రద్దు చేయమని కూడా అదే ఆఫీసర్ అడగొచ్చు.

కడప_కారం:
కంపెనీ ఫారంలో దోషిగా తేలారా అని ఉంటే ఏం రాయాలి? నేనైతే లేదనే రాస్తా.

ప్లీడరు_గుమాస్తా:
కడప గారూ మీరు రాసుకోండి, పిల్లాడికి చెప్పకండి. ఉద్యోగం పోయేది ఎక్కువగా కేసు వల్ల కాదు, దాచినందుకు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే, నిజం రాయాలి అని, రాశాక చిన్న కేసయితే వాళ్లు చూసీచూడనట్టు వదిలే అవకాశం ఉంటుంది అని. అది గవర్నమెంటు ఉద్యోగాల కేసు, ప్రైవేటు వాడికి ఇంకా స్వేచ్ఛ ఎక్కువ. ఫారం సరిగ్గా చదవండి, అడిగిందానికి జవాబు రాయండి, అడగనిది అంటించకండి.

గోదారి_గట్టు:
ఫారంలో "ఏదైనా కోర్టు జైలు శిక్ష విధించిందా" అని ఉంది. దోషిగా తేలారా అని లేదు.

ప్లీడరు_గుమాస్తా:
అయితే లేదు అనే రాయండి, అది నిజమే. ఆ ఫారం ఫోటో తీసి దాచండి. సర్టిఫైడ్ కాపీలు ఇంకో రెండు సెట్లు తియ్యండి, ఒకటి బెంగళూరు ఆఫీసర్‌కి, ఒకటి మేనమామగారి బీరువాలో. పిటిషన్ మీద కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా మీవాణ్ణి రైలెక్కనివ్వకండి.